చూపు లేనివారికి ఏ ఫోన్, ఏ స్క్రీన్ రీడర్? విశాఖలో కొనేముందు ఒక పోలిక

విశాఖలో చూపు లేనివారికి, చూపు తగ్గుతున్నవారికి ఫోన్ వాడకం నేర్పుతుంటాను. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఒకటే: "ఆండ్రాయిడ్ కొనాలా, ఐఫోన్ కొనాలా?" దానికి జవాబు చెప్పేముందు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఫోన్ మీతో ఏ భాషలో మాట్లాడాలి? మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటే చెప్పడానికి మీ దగ్గర్లో ఎవరున్నారు? ఈ రెండూ తేలితే ముప్పావు వంతు నిర్ణయం అయిపోయినట్టే. బ్రాండు, కెమెరా, ర్యామ్ అన్నీ ఆ తర్వాతే.

చుట్టాలబ్బాయి "ఇదే బెస్ట్" అన్నాడని అరవై వేలు పోసి కొన్న ఫోన్ బీరువాలో మూలుగుతుండటం, పన్నెండు వేల ఫోన్‌తో ఇంకొకరు కరెంటు బిల్లు కట్టుకుని, ఆటో పిలుచుకుని, పరీక్షలకు చదువుకుంటుండటం రెండూ చూశాను. తేడా ఫోన్‌లో లేదు. ఆ మనిషికి ఆ ఫోన్ సరిపోయిందా లేదా అన్నదాంట్లో ఉంది. అందుకే ముందు కొలతలు, ఆ తర్వాతే ఫోన్లు.

## ముందు తేల్చుకోవాల్సినవి

గొంతు. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించేది. రోజంతా వినాల్సిన గొంతు అది, కాబట్టి దీన్ని అన్నిటికంటే ముందు పెడతాను. ఆండ్రాయిడ్‌లో గూగుల్ స్పీచ్ సర్వీసెస్‌లో తెలుగు గొంతు ఉంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా చదువుతుంది. ఐఫోన్‌కి 2022లో ఐఓఎస్ 16తో తెలుగు గొంతు వచ్చింది. అంతకుముందు ఐఫోన్ వాడాలంటే ఇంగ్లిషో హిందీయో వచ్చి తీరాలి. ఆ రోజుల్లో విన్న మాటనే పట్టుకుని "ఐఫోన్‌లో తెలుగు రాదు" అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఆ మాట నమ్మకండి.

చిక్కంతా తెలుగూ ఇంగ్లిషూ కలిసిన చోట వస్తుంది. మన ఫోన్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లిష్ ఉంటుంది. బ్యాంకు మెసేజ్ ఇంగ్లిష్, అక్క పంపిన వాట్సాప్ తెలుగు, యాప్ మెనూ ఇంగ్లిష్, ఈనాడు వార్త తెలుగు. ఐఫోన్ స్క్రీన్ రీడర్ అయిన వాయిస్‌ఓవర్‌కి భాషను తనే గుర్తుపట్టి గొంతు మార్చుకునే సెట్టింగ్ ఉంది. ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ అయిన టాక్‌బ్యాక్‌లో గూగుల్ తెలుగు గొంతు పెట్టుకుంటే ఇంగ్లిష్ మాటలను కూడా అదే గొంతు తెలుగు యాసలో చదివేస్తుంది. అది చాలామందికి ఇబ్బందేమీ కాదు, కొందరికి ఇదే హాయి. కానీ ఇంగ్లిష్ పుస్తకాలు చదివే విద్యార్థికి అది నప్పదు. అప్పుడు తెర మీద వేళ్లతో చేసే సంజ్ఞతో భాష మార్చుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు ఇంకో తలనొప్పి. "ఎక్కడున్నావ్" అన్నదాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపితే స్క్రీన్ రీడర్ దాన్ని ముక్కలు ముక్కలుగా, అర్థం కాకుండా చదువుతుంది. ఐఫోన్ కొన్నా ఆండ్రాయిడ్ కొన్నా ఇది పూర్తిగా తీరదు. ఇంట్లోవాళ్లకి చెప్పండి: తెలుగు లిపిలో పంపమనండి, లేదా వాయిస్ మెసేజ్ పెట్టమనండి. ఫోన్ కొనడం కంటే ఈ ఒక్క మార్పుతో ఎక్కువ మేలు జరిగిన ఇళ్లున్నాయి.

వేగం సంగతి కూడా చూసుకోవాలి. కొత్తవాళ్లకు మనిషి గొంతులా ఉండేది బాగుంటుంది. అలవాటైనవాళ్లు బాగా వేగం పెంచుకుని వింటారు, ఆ వేగంలో సహజమైన గొంతులు అలుక్కుపోతాయి. అలాంటివారికి ఈస్పీక్ అనే ఉచిత గొంతు ఉంది. యంత్రంలా వినిపిస్తుంది, కానీ ఎంత వేగంలోనైనా అక్షరం అక్షరం తెలుస్తుంది, తెలుగూ చదువుతుంది. ఈస్పీక్ ఆండ్రాయిడ్‌లో సులువుగా దొరుకుతుంది.

నేర్పే మనిషి. స్క్రీన్ రీడర్ ఆన్ చేశాక ఫోన్ వాడే పద్ధతే మారిపోతుంది. ఒకసారి తాకితే అక్కడేముందో చదువుతుంది, తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. వేలితో కుడివైపు తోస్తే తర్వాతి అంశానికి వెళ్తుంది. ఇది తెలియని ఇంట్లోవాళ్లు "ఫోన్ పాడైపోయింది" అని స్క్రీన్ రీడర్ ఆపేస్తారు, షాపు కుర్రాళ్లు రీసెట్ చేసేస్తారు. కాబట్టి మీ స్నేహితుల్లో, కాలేజీలో, పనిచేసే చోట చూపు లేనివాళ్లు ఏది వాడుతున్నారో కనుక్కోండి. విశాఖలోనూ ఉత్తరాంధ్ర అంతటా నాకు ఎదురైనవారిలో ఎక్కువమంది ఆండ్రాయిడ్ మీదే ఉన్నారు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో "ఈ బటన్ ఎక్కడుంది?" అని అడిగితే జవాబు చెప్పేవాళ్లు మీకు అక్కడే ఎక్కువ దొరుకుతారు.

చేతికి తగిలేవి. షాపువాళ్లు ఎప్పుడూ చెప్పని విషయం ఇది. వేలిముద్ర సెన్సర్ ఫోన్ పక్కన పవర్ బటన్‌లోనే ఉంటే వేలికి తెలుస్తుంది. అద్దం కింద ఉండే సెన్సర్ ఎక్కడుందో చేతికి తెలియదు, ప్రతిసారీ వెతుక్కోవాలి. మన ఊరి ఉక్కపోతలో చెమట వేలితో ఏ సెన్సరైనా మొరాయిస్తుంది, అందుకని పిన్ కూడా పెట్టుకుని గుర్తుంచుకోండి. ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం ఉన్న ఫోన్ దొరికితే వదులుకోవద్దు. బ్లూటూత్‌లో మాట కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. పాటకు అది తెలియదు గానీ, వేలు కదిపిన ప్రతిసారీ జవాబు వినాల్సిన మనకు బాగా తెలుస్తుంది. పైగా తీగ ఇయర్‌ఫోన్‌కి చార్జింగ్ గొడవ లేదు.

నెట్ లేనప్పుడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటుతో పాటు ఫోన్ సిగ్నళ్లూ పోయాయి. అలాంటి రోజున నెట్ ఉంటేనే పలికే గొంతుతో ఏ ఉపయోగమూ లేదు. స్క్రీన్ రీడర్ గొంతు, నోట్లు గుర్తుపట్టే యాప్, ముఖ్యమైన నంబర్లు ఫోన్‌లోనే ఉండాలి. పాడేరు, అరకు వైపు ఊళ్లకు వెళ్లివచ్చేవాళ్లకు తుపానుతో సంబంధం లేకుండానే ఇది అవసరం.

డబ్బు పనులు. బ్యాంకు, యూపీఐ యాప్‌లు మీ స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాయా లేదా అన్నది కొన్న తర్వాత కనుక్కునే విషయం కాదు. దీని గురించి కింద విడిగా చెప్తాను.

## ఉన్న దారులు

### ఆండ్రాయిడ్, టాక్‌బ్యాక్

టాక్‌బ్యాక్ 2009 నుంచి ఉంది, ఉచితం. ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంది కాబట్టి ఫోన్ పాతదైనా స్క్రీన్ రీడర్ కొంతకాలం కొత్తదిగానే ఉంటుంది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పడితే చాలా ఫోన్లలో ఆన్, ఆఫ్ అవుతుంది. తెర మీద బ్రెయిలీ కీబోర్డు 2020లో వచ్చింది. గూగుల్ ఏఐ అయిన జెమినీ సాయంతో ఫోటోల్లో ఏముందో వివరంగా చెప్పడం ఈమధ్య చేరింది.

తెలుగులో మాట్లాడి టైపు చేయించడంలో ఆండ్రాయిడ్‌దే పైచేయి. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో మైక్ నొక్కి మామూలుగా మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయి. తెర మీద తెలుగు ఒత్తులు, గుణింతాలు వెతుక్కుని కొట్టడం చూపు ఉన్నవాళ్లకే విసుగు, కాబట్టి ఈ మైకు చాలా పెద్ద సాయం. ఆర్‌కే బీచ్ రోడ్డు మీద సముద్రపు గాలిలో మాత్రం దీన్ని నమ్ముకోకండి. గాలి హోరుకు మాటలు మారిపోతాయి, పంపేముందు ఒకసారి చదివించుకోవాలి.

లోపం ఎక్కడంటే, ఆండ్రాయిడ్ పేరుతో వచ్చే ఫోన్లన్నీ ఒకటి కావు. కొన్ని కంపెనీలు ఆండ్రాయిడ్ పైన వేసే తమ సాఫ్ట్‌వేర్ తొడుగులో పేరు లేని బటన్లు ఉంటాయి. వాటి మీద వేలు పెడితే "అన్‌లేబుల్డ్ బటన్" అని తప్ప ఇంకేం రాదు. లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు అడ్డొస్తాయి. బ్యాటరీ మిగల్చడానికని స్క్రీన్ రీడర్‌నే ఆపేసే ఫోన్లూ ఉన్నాయి. ఫోన్ మధ్యలో మూగబోతే చూపు లేని మనిషి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. అందుకే తొడుగు తక్కువగా ఉండే పిక్సెల్, మోటోరోలా లాంటివి నేను ముందు చూపిస్తాను. ఏ ఫోన్ కొన్నా బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి టాక్‌బ్యాక్‌కీ, స్పీచ్ సర్వీసెస్‌కీ ఆంక్షలు తీసేయించుకోండి.

### శాంసంగ్

శాంసంగ్‌లో ఇదివరకు వాయిస్ అసిస్టెంట్ అని వేరే స్క్రీన్ రీడర్ ఉండేది. 2021లో దాన్ని పక్కనపెట్టి టాక్‌బ్యాక్‌నే తమ మార్పులతో తెచ్చారు. మెనూలు చాలావరకు సరిగా చదువుతాయి, కొంచెం చూపు ఉన్నవాళ్లకు పెద్ద అక్షరాలు, రంగుల సెట్టింగులు బాగా ఉన్నాయి. సర్వీస్ సెంటర్లు ఊళ్లోనే ఉండటం ఒక సౌకర్యం. చవక మోడళ్లు నెమ్మదిస్తాయి, వేలు కదిపాక మాట రావడానికి క్షణం పడుతుంది. ఆ క్షణం రోజంతా కలిస్తే ప్రాణం విసుగెత్తిపోతుంది.

### ఐఫోన్, వాయిస్‌ఓవర్

2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ వచ్చేదాకా అద్దం ఫోన్ చూపు లేనివారికి పనికొస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పటికీ నున్నగా, తడబాటు లేకుండా పనిచేయడంలో నా లెక్కలో ఇదే ముందుంది. కొత్త ఐఫోన్ పెట్టెలోంచి తీసి ఆన్ చేసి, పక్క బటన్ మూడుసార్లు నొక్కితే వాయిస్‌ఓవర్ మొదలవుతుంది. ఎవరి సాయమూ లేకుండా మొదటి నిమిషం నుంచీ ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది.

స్క్రీన్ కర్టెన్ అని ఒకటుంది: తెర నల్లగా అయిపోతుంది, ఫోన్ మాత్రం చెవిలో మాట్లాడుతూనే ఉంటుంది. 900కె బస్సులో పక్క సీటువాళ్లు మీ మెసేజీలు చదవలేరు. తెరను దాచే సౌకర్యం టాక్‌బ్యాక్‌లోనూ ఉంది గానీ, ఐఫోన్‌లో మూడు వేళ్లతో మూడుసార్లు తడితే చాలు. తెర మీది మాటలను వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లకు, ముఖ్యంగా చూపూ వినికిడీ రెండూ లేనివారికి, ఐఫోన్ మీద నాకు ఎక్కువ నమ్మకం.

పదంకెల ఫోన్ నంబర్‌ని కోట్లూ లక్షలుగా చదవకుండా అంకెలుగా చదివించే సెట్టింగ్ కూడా వాయిస్‌ఓవర్‌లో ఉంది. చిన్న విషయమే అయినా, ఓటీపీ వినేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అడ్డం ధర. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఐఫోన్ 16ఈ, ఐఫోన్లలో చవక మోడల్ అనుకున్నదే, మనదేశంలో ₹59,900తో మొదలైంది. హోమ్ బటన్ ఉన్న ఎస్ఈ మోడల్ అప్పుడే ఆగిపోయింది, చేతికి తగిలే ఆ బటన్‌తో పెద్దవాళ్లకు నేర్పడం సులువుగా ఉండేది. మాటతో పనులు చేసే ఐఫోన్ అసిస్టెంట్ సిరి తెలుగు మాట్లాడదు, ఇంగ్లిష్‌తో కలిపి చెప్పే తెలుగును మాత్రం ఐఓఎస్ 18 నుంచి కొంత అర్థం చేసుకుంటుంది. అయినా "అమ్మకి ఫోన్ చెయ్యి" అని అచ్చంగా తెలుగులో చెప్పి పని జరిపించుకోవాలనుకునేవారికి ఐఫోన్ కొంత పరాయిగానే అనిపిస్తుంది. జెమినీ యాప్ వేసుకుంటే తెలుగులో మాట్లాడొచ్చు గానీ ఫోన్‌ని నడిపే పని అది సిరిలా చేయదు.

### జీషువో లాంటి బయటి స్క్రీన్ రీడర్లు

మనదేశంలో చాలామంది చూపు లేని యువకులు జీషువో అనే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ వాడతారు. వేగం, నచ్చినట్టు మార్చుకోగల సంజ్ఞలు, తెలుగుకో గొంతు ఇంగ్లిష్‌కో గొంతు పెట్టుకోవడం, ఫోటోలోని అక్షరాలు చదివించడం ఇవన్నీ దాని బలాలు. వాటిని నేను తక్కువ చేయను. పాత ఫోన్‌కి ప్రాణం పోసిన సందర్భాలూ ఉన్నాయి.

కానీ ఒకటి గట్టిగా చెప్పాలి. స్క్రీన్ రీడర్‌కి ఇచ్చే అనుమతితో అది మీ తెర మీద ఉన్నదంతా చూడగలదు. ప్లే స్టోర్ బయటి నుంచి, ఎవరో పంపిన ఫైలు నుంచి వేసుకున్న దానికి ఆ అనుమతి ఇవ్వడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. కొన్ని బ్యాంకు యాప్‌లు ఇలాంటివి ఆన్‌లో ఉంటే తెరుచుకోవు కూడా. ఇది వాడాలనే ఉంటే చదువుకీ వార్తలకీ వాడి, డబ్బు పనులప్పుడు టాక్‌బ్యాక్‌కి మారండి. కొత్తగా నేర్చుకునేవారికి దీన్ని నేను చెప్పను.

### కీప్యాడ్ ఫోన్

స్మార్ట్‌ఫోన్ అందరికీ కావాలనే నియమం లేదు. కాల్ చేయడం, ఎత్తడం వరకే కావాల్సిన పెద్దవాళ్లకు వేళ్లకు తగిలే బటన్లే సుఖం. నెట్ లేని కీప్యాడ్ ఫోన్‌తోనూ డబ్బు పంపేలా రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది, కాల్ చేసి మెనూ వింటూ నంబర్లు నొక్కడమే.

పైన చెప్పినదాన్ని ఒక్కచోట చూసుకోవడానికి:

| చూసుకోవాల్సింది | ఆండ్రాయిడ్, టాక్‌బ్యాక్ | శాంసంగ్ | ఐఫోన్, వాయిస్‌ఓవర్ | జీషువో |
|---|---|---|---|---|
| తెలుగు గొంతు | ఉంది, నెట్ లేకున్నా | ఉంది | ఉంది, ఐఓఎస్ 16 నుంచి | మీరు వేసుకున్న గొంతు |
| తెలుగు, ఇంగ్లిష్ కలిసినప్పుడు | ఒకే గొంతు, లేదా చేత్తో మార్పు | అదే | తనే మార్చుకుంటుంది | రెండు గొంతులు పెట్టుకోవచ్చు |
| తెలుగులో మాట్లాడి పని చేయించడం | బాగా | బాగా | సిరితో కొంతే | ఫోన్‌ని బట్టి |
| మోడల్‌కీ మోడల్‌కీ తేడా | చాలా | తక్కువ | దాదాపు లేదు | ఫోన్‌ని బట్టి |
| డబ్బు పనులు | సరే | సరే | సరే | ఆపేసి టాక్‌బ్యాక్ వాడాలి |
| ఖర్చు | పది, పదిహేను వేల నుంచి | అదే, కొంచెం పైన | చాలా ఎక్కువ | ఉన్న ఫోన్ చాలు |

## కొంచెం చూపు ఉన్నవారు వేరే లెక్క చూసుకోవాలి

గ్లకోమా, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు ఉన్నవాళ్లు చాలామంది నేరుగా స్క్రీన్ రీడర్ అడుగుతారు. ఆగండి. మీకు ఇంకా అక్షరం ఆనుతుంటే ముందు పెద్ద అక్షరాలు, బోల్డ్, నల్లటి నేపథ్యం, జూమ్ పెట్టి చూడండి. రెండు రకాల ఫోన్లలోనూ ఇవి ఉన్నాయి. కావాల్సిన పేరా మాత్రం చదివించుకోవడానికి ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ ఉంది. ఐఫోన్‌లో స్పీక్ స్క్రీన్ ఆన్ చేసి, పైనుంచి రెండు వేళ్లతో కిందికి లాగితే చదువుతుంది. మామూలు తాకుడు పద్ధతి మారదు కాబట్టి కొత్తగా నేర్చుకునే బరువు ఉండదు. మందు చీటీ, బస్ టికెట్ చూసుకోవడానికి ఐఫోన్‌లోని మాగ్నిఫైయర్ చాలా బాగుంది. ఈ కోవవారికి తెర పెద్దదిగా, ఎండలోనూ కనిపించేదిగా ఉండాలి, అక్కడ డబ్బు పెట్టండి.

చూపు ఇంకా తగ్గుతుందని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం, కాస్త చూపు ఉండగానే స్క్రీన్ రీడర్ రోజుకు పావుగంట చొప్పున అలవాటు చేసుకోండి. ఫోన్ కొనేముందు ఒకసారి మిగిలిన చూపును కొలిచే లో విజన్ పరీక్ష చేయించుకోవడం మంచిది. హనుమంతవాక దగ్గరున్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ లాంటి చోట్ల మీకు ఎంత పెద్ద అక్షరం, ఏ రంగు మీద ఏ రంగు నప్పుతుందో చెప్తారు. ఆ కాగితం పట్టుకుని ఫోన్ సెట్టింగ్స్ పెట్టించుకుంటే ఊహించి పెట్టడం కంటే చాలా తేడా ఉంటుంది.

## కెమెరాతో చూపించే యాప్‌లు

వీటికోసం ఖరీదైన ఫోన్ కొననక్కర్లేదు. ఇవన్నీ ఉచితంగానే దొరుకుతాయి, ఒక్కోటి ఒక్కో పనిలో గట్టిది.

నోట్ల సంగతి ముందు. కొత్త నోట్లలో వంద 142 మి.మీ. పొడవు, రెండొందలు 146, అయిదొందలు 150. వెడల్పు మూడింటికీ 66. నాలుగు మిల్లీమీటర్ల తేడాతో, నలిగిన నోటుతో, పూర్ణా మార్కెట్ హడావిడిలో ఎవరు గుర్తుపట్టగలరు? అంచున ఉబ్బెత్తు గీతలు ఉంటాయి గానీ నోటు పాతబడితే తెలియవు. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెప్తుంది, నెట్ అక్కర్లేదు. దొంగనోటో కాదో మాత్రం చెప్పదు. చిన్న వ్యాపారం చేసే ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ ఇది మొదటి తెర మీద ఉండాలి. గూగుల్ లుకౌట్, మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ కూడా మన రూపాయల్ని గుర్తుపడతాయి, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి ఉంటుందని వేసి ఉంచుకోవచ్చు.

సీయింగ్ ఏఐ 2017లో ఐఫోన్‌కి వచ్చింది, ఆండ్రాయిడ్‌కి రావడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. కాబట్టి అది ఐఫోన్‌లోనే ఉంటుందన్న పాత మాట ఇక వర్తించదు. ఇంగ్లిష్ అక్షరాలను కెమెరా ముందు పెట్టగానే చదవడంలో దానికి సాటి తక్కువ. అచ్చు తెలుగు చదివించడానికి నేను గూగుల్ లెన్స్‌నే ముందు వాడిస్తాను. చేతిరాత తెలుగు మీద ఆశ పెట్టుకోకండి.

బీ మై ఐస్ 2015లో డెన్మార్క్‌లో మొదలైంది. వీడియో కాల్‌లో ఒక వలంటీర్ మీ కెమెరాతో చూసి చెప్తారు. మీరు ఎంచుకున్న భాష మాట్లాడేవాళ్లకే కలుపుతుంది. 2023 నుంచి అందులోనే ఏఐ కూడా ఉంది, ఫోటో తీస్తే వర్ణించి చెప్తుంది, మళ్లీ ప్రశ్న అడగొచ్చు. చీర రంగు, ఫ్రిజ్‌లో ఏముంది, గ్యాస్ బుకింగ్ రసీదులో తేదీ లాంటివాటికి ఏఐ చాలు. గదిలో కిందపడ్డ తాళంచెవి వెతకాలంటే మనిషే కావాలి.

మందుల విషయంలో నా మాట కఠినంగానే ఉంటుంది. ఏఐ తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెప్తుంది. మాత్ర పేరు, మిల్లీగ్రాములు ఏఐ చెప్పిందని మింగకండి. మందుల షాపులోనే పొద్దుటి మాత్రల డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి వాటికి రెండు వేయించుకోండి. రోడ్డు దాటడానికీ ఏ యాప్‌నీ నమ్మవద్దు. మద్దిలపాలెంలో వస్తున్న బస్సు బోర్డు చదివించాలని ఫోన్ పైకెత్తి నిలబడేవాళ్లను చూశాను. ఫోటో వెళ్లి జవాబు వచ్చేలోపు బస్సు వెళ్లిపోతుంది, ఫోన్ జారిపోయే ప్రమాదం వేరే. పక్కవాళ్లను అడగడమే త్వరగా తేలే దారి. రోడ్డు మీద దారి వినాలంటే చెవి రంధ్రాన్ని మూయని ఇయర్‌ఫోన్లు వాడండి, కర్ర శబ్దమూ బండ్ల శబ్దమూ వినపడాలి.

కళ్లజోడు కెమెరాల గురించి అడిగేవాళ్లు పెరిగారు. రేబాన్ మెటా 2025 మేలో మనదేశంలోకి ₹29,900 ధరతో వచ్చింది. చేతులు ఖాళీగా ఉంటాయన్నది నిజమైన లాభం. అయినా ఫోన్ పూర్తిగా చేతికొచ్చాకే అటు చూడండి. ఆ డబ్బుతో మంచి ఫోన్, మంచి ఇయర్‌ఫోన్ వచ్చి ఇంకా మిగులుతుంది.

## డబ్బు పనులు, కేవైసీ

యూపీఐ పిన్ కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్ తప్పనిసరి. వేలు కింద అంకె పైకి వినపడితే పక్కవాళ్లకూ వినపడుతుంది. ఎక్కువ ఇబ్బంది కేవైసీ దగ్గర వస్తుంది: "కళ్లు ఆర్పండి", "ముఖం గుండ్రంలో పెట్టండి" అంటుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కళ్లు ఆర్పడం ఒక్కటే దారిగా ఉండకూడదని కేవైసీ పద్ధతుల్లో మార్పులకు ఆదేశాలిచ్చింది. బ్రాంచిలో "మీకు కుదరదు" అంటే ఈ తీర్పు పేరు చెప్పి వేరే పద్ధతి రాతపూర్వకంగా అడగండి. ఫోన్ మార్చినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

ఇంకో జాగ్రత్త: "మీ ఫోన్ బాగుచేస్తాం" అంటూ తెర పంచుకునే యాప్ వేయమనేవాళ్లను నమ్మకండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అవతలివాళ్లు ఏం నొక్కుతున్నారో వెంటనే తెలియదు.

## ఎవరికి ఏది

ఈమధ్యే చూపు పోయినవారు. మీరు ఇదివరకు వాడిన రకం ఫోన్‌నే ఉంచుకోండి. మెనూలు ఎక్కడుంటాయో మీ మనసుకు గుర్తుంది, అది పెద్ద ఆస్తి. దుఃఖంలో ఉన్నప్పుడు కొత్త ఫోన్, కొత్త పద్ధతి రెండూ ఒకేసారి మీద వేసుకోవద్దు. మొదట కాల్ ఎత్తడం, వాట్సాప్ వాయిస్ మెసేజ్, టైమ్ వినడం ఈ మూడే నేర్చుకోండి.

ఆంధ్ర యూనివర్సిటీలో, డిగ్రీ కాలేజీల్లో చదివేవారు, పోటీ పరీక్షలకు కూర్చునేవారు. ఫోన్ మీద ఎక్కువ పెట్టకండి. పదిహేను వేల లోపు ఆండ్రాయిడ్ తీసుకుని, మిగిలింది ల్యాప్‌టాప్‌కి ఉంచండి. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, పరీక్షల చదువు నిజంగా అక్కడే సాగుతుంది. పుస్తకాలకు 2016లో మొదలైన, చూపు లేనివారి ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకోండి. తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు ఫోటోలే, స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌గా తెరిస్తే అక్షరాలుగా మారతాయి, తప్పులు కొన్ని ఉంటాయి.

ఆఫీసు ఉద్యోగులు, ఇంగ్లిష్ అలవాటున్నవారు. స్తోమత ఉంటే ఐఫోన్. మెయిళ్లు, మీటింగులు, గంటలకొద్దీ ఇంగ్లిష్ చదవడం ఉన్నచోట దాని నిలకడకు పెట్టిన డబ్బు దండగ కాదు. అప్పు చేసి కొనేంత తేడా మాత్రం లేదు.

దుకాణం, చిన్న వ్యాపారం. పక్కన సెన్సర్ ఉన్న ఆండ్రాయిడ్, మణి యాప్, డబ్బు పడగానే పలికే సౌండ్ బాక్స్. "పంపేశానండీ" అని ఫోన్ తెర చూపించి వెళ్లిపోయేవాళ్ల దగ్గర మోసపోకుండా కాపాడేది ఆ పెట్టే.

తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లు. ఆండ్రాయిడ్, తెలుగు గొంతు, తెలుగులో మాట్లాడే అసిస్టెంట్. మొదటి తెర మీద నాలుగే ఐకాన్లు ఉంచండి. నేర్పే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే కీప్యాడ్ ఫోనే మేలు. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది, కానీ వాడని స్మార్ట్‌ఫోన్ వల్ల మనిషి ఇంకా ఒంటరివాడవుతాడు.

## షాపులో ఏం చేయాలి

డాబాగార్డెన్స్‌కి వెళ్లినా ద్వారకానగర్‌కి వెళ్లినా, ఫోన్ వాడబోయే మనిషే వెళ్లాలి. డెమో ఫోన్ అడిగి టాక్‌బ్యాక్ ఆన్ చేయించండి. షాపువాళ్లకు రాకపోతే వాల్యూమ్ బటన్ల పద్ధతి మీరే చెప్పండి. ఐఫోన్ అయితే పక్క బటన్ మూడుసార్లు, లేదా సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ.

తర్వాత వరసగా: వేలు కదిపిన వెంటనే మాట వస్తోందా? సెట్టింగ్స్‌లో పది అంశాలు దాటండి, "అన్‌లేబుల్డ్" ఎన్నిసార్లు వినిపించింది? వేలిముద్ర సెన్సర్ చేతికి దొరుకుతోందా? షాపు హోరులో స్పీకర్ వినపడుతోందా? కాల్ వచ్చినప్పుడు, అవతలి మనిషి మాట్లాడుతుండగా స్క్రీన్ రీడర్ గొంతు వేరుగా తెలుస్తోందా? చివరి ప్రశ్న ఎవరూ అడగరు. బ్యాంకుకి ఫోన్ చేసి "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" దగ్గరకొచ్చాక అందరికీ గుర్తొస్తుంది.

మీ బ్యాంకు యాప్ అక్కడ వేసుకోవడం కుదరదు. అదే బ్యాంకు యాప్‌ని టాక్‌బ్యాక్‌తో వాడే ఇంకొకరిని ముందురోజే అడిగి పెట్టుకోండి. మార్చుకోవడానికి ఎన్ని రోజుల గడువో బిల్లు మీద రాయించుకుని, ఆ గడువులోపే గొంతు డౌన్‌లోడ్, బ్యాటరీ ఆంక్షలు తీయడం, ఒక యూపీఐ చెల్లింపు, ఒక తెలుగు వాట్సాప్ మెసేజ్ చదివించడం ఈ నాలుగూ చేసి చూడండి.